నిచ్చెనకు రెండో కొస

ఆరో రోజు సాయంత్రం

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నేను క్షేమం. పగలు ఇంట్లో కొంచెం పొడుగ్గా ఉందని ఒక పనిలో చేరాను. ఊరి చివర పాత ఆఫీసు భవనం ఉంది. నాలుగంతస్తులు, నూట ఇరవై తలుపులు. దాన్ని అద్దె గదులుగా మారుస్తున్నారు. తలుపులకు పాత రంగు గీకి కొత్త రంగు వేయాలి. నలుగురం ఉన్నాం. రోజు కూలి, నెలాఖరున ఇస్తారు. అరవై రోజుల పని. ఆ తరవాత ఉండదు.

నాకు గీకే పని ఇచ్చారు. ఆరు రోజుల్లో పందొమ్మిది తలుపులు గీకాను. మేస్త్రీ సంతోషించాడు. మిగతా ముగ్గురూ ఎందుకో సంతోషించలేదు.

వేళకు భోజనం చేస్తున్నాను. అన్నయ్యగారి మోకాలు ఎలా ఉంది?

మీ మరిది

తా.క. మాతో ఒక పెద్దాయన పనిచేస్తున్నాడు. పనిచేస్తున్నాడు అనడం సరికాదు. ఆరు రోజుల్లో అతని కుంచె తడవడం నేను చూడలేదు. చూడదగ్గ మనిషి.

* * *

తొమ్మిదో రోజు (నీ లెక్కే వాడుతున్నాను)

చిరంజీవి మరిదికి ఆశీస్సులు. నీకు యాభై తొమ్మిదని తెలుసు, అయినా రాసే చెయ్యి ఊరుకోదు.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకిచ్చాను. ఆయన చదివి నాకిచ్చారు. మళ్లీ చదివాను. ఎన్నిసార్లు చదివినా అరపేజీయే. ఫోను చేస్తే "ఊఁ" అంటావు కదా అని ఉత్తరాలు మొదలుపెట్టాను. ఇవి కూడా "ఊఁ" లాగే ఉన్నాయి.

సరే, నాకు లెక్క తెలుసు. పెళ్లయిన కొత్తలో మా చెల్లెలు రాసింది: "అక్కా, ఆయన కొంచెం నలతగా ఉందన్నారు, చూస్తే నూటనాలుగు జ్వరం. ఈయన మాటని నాలుగుతో హెచ్చవేస్తేగాని అసలు సంగతి తెలీదు" అని. అప్పట్నుంచీ నిన్ను ఆ లెక్కనే చదువుతున్నాను. ఎప్పుడూ తప్పలేదు. అది పోయిన రోజు నువ్వు ఫోనులో అన్నది "రండి" అనే ఒక్క మాట. దాన్ని హెచ్చవేయడానికి నాకొచ్చిన ఎక్కాలు చాలలేదు.

ఇప్పుడు విను. "పగలు కొంచెం పొడుగ్గా ఉంది" అన్నావు. అంటే ఆ ఇంట్లో నువ్వు ఉండలేకపోతున్నావు. ఎనిమిది నెలలుగా మా ఇంటికి వచ్చెయ్యమంటున్నాను, "చూద్దాం" అంటున్నావు. చూసింది చాలు. ఆ పనేదో అయిపోయిన మర్నాడే మీ అన్నయ్య లారీ తీసుకుని వస్తారు. మంచం, బీరువా, నువ్వు. ఇల్లు అద్దెకిచ్చేద్దాం.

ఇక ఆ పని. కాలేజీ చదువు చదివి, ముప్ఫై రెండేళ్లు వాతావరణ కార్యాలయంలో వాన కొలిచినవాడివి, ఊరి చివరికెళ్లి కూలికి తలుపులు గీకుతున్నావా? నేను నమ్మను. పొద్దున్నే పోవడం, సాయంత్రం దాకా మాట్లాడకపోవడం, పాతవి గీకెయ్యడం, నూట ఇరవై తలుపులు. ఇవి ఎక్కడి తలుపులు మరిదీ? మనసులోవా?

ఆ పెద్దాయనెవరో నిజం చెప్పు. మనమందరం కలిసి మొదటిసారి సముద్రానికి వెళ్లినప్పుడు నువ్వు చూసి "నీళ్లు బాగానే ఉన్నాయి" అన్నావు. అలాంటివాడు ఒకర్ని పట్టుకుని "చూడదగ్గ మనిషి" అన్నాడంటే, ఆయన మామూలు మనిషి కాడు. సిద్ధపురుషుడయ్యుండాలి.

నీ వదిన

తా.క. మోకాలు అలాగే ఉంది. ఆ పెద్దాయన చెయ్యి తగిలితే తగ్గుతుందేమో కనుక్కో. ఊరికే అడుగుతున్నా. మీ అన్నయ్య వెనక నిలబడి అడగమంటున్నారు.

* * *

పన్నెండో రోజు

వదినగారికి నమస్కారాలు.

తలుపులు చెక్కవే. మూడు పొరల రంగు ఉంది. పైన బూడిద, మధ్య నీలం, అడుగున పసుపు. మనసుకు సంబంధం లేదు.

లారీ సంగతి చదివాను. అరవై రోజులు ఉన్నాయి కదా అనుకున్నాను. నిన్న మేస్త్రీ వచ్చి తలుపులు లెక్కపెట్టాడు. ముప్ఫై నాలుగు గీకి ఉన్నాయి. "వానసారు ఇలా గీకుతూ, ఇంకొకరు కూడా ఇదే ఊపున తోడైతే ఇరవై అయిదో రోజుకి అయిపోతుంది" అన్నాడు. వానసారు అంటే నేను. నేను వాన కొలిచేవాణ్ణని ఎవరో చెప్పారు.

మాలో ఒకాయన ఎప్పుడూ ఈల వేస్తూ ఉంటాడు. అందుకే ఆయన పేరు ఈలాయన. మేస్త్రీ వెళ్లాక ఆయన ఈల ఆపాడు. రంగులు కలిపే రంగులక్క నా దగ్గరికి వచ్చి, "మా పొట్ట మీద గీకుతున్నావయ్యా" అంది. అప్పుడు అర్థమైంది. పని ముందే ముగిస్తే వాళ్లకు నెల పైన కూలి పోతుంది. నాకు లారీ వస్తుంది.

ఇంట్లో ఉండడం కొంచెం కష్టంగా ఉంది. వదిలి రావడం ఇంకొంచెం కష్టంగా ఉంటుంది. ఇది మీకు చెప్పలేదు. అందుకని రాస్తున్నాను.

నెమ్మదిగా గీకుదామని చూశాను. చేతకాలేదు. చేతులు వాటంతట అవే పోతున్నాయి. పెద్దాయన కాసేపు చూసి, "వానసారూ, నిచ్చెన పట్టడం వచ్చా?" అన్నారు.

"రాకేం."

"అందరూ అట్లాగే అనుకుంటారు. ఆ కొస పట్టు."

వెదురు నిచ్చెన. బరువేమీ లేదు. ఇద్దరం చెరో కొస పట్టుకుని నాలుగో అంతస్తుకు వెళ్లాం. వరండా చివరిదాకా నడిచాం. దిగాం. వెనక వాకిలి గుండా చుట్టూ తిరిగి మళ్లీ ఎక్కాం. తొమ్మిదీ ఇరవై నుంచి పన్నెండూ యాభై వరకు, నా గడియారం ప్రకారం. దారిలో మేస్త్రీ అయిదుసార్లు ఎదురయ్యాడు. అయిదుసార్లూ గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు. మూడోసారి పక్కనున్న మనిషిని, "తప్పుకోవయ్యా, పనిచేసేవాళ్లకి అడ్డమా" అని కసిరాడు.

"నిచ్చెన మోసేవాణ్ణి ఎక్కడికని ఎవరూ అడగరు సారూ. కింద పెట్టామనుకో, అడుగుతారు" అన్నారు పెద్దాయన.

మూడున్నర గంటలు. ఒక్క తలుపునూ తాకలేదు. వాన పడితే ఎంత పడిందో కొలవవచ్చు. ఆ మూడున్నర గంటలు ఎక్కడ పడ్డాయో నేను కనిపెట్టలేకపోయాను.

మీ మరిది

తా.క. లారీకి తొందర లేదు.

* * *

పదహారో రోజు

చిరంజీవి మరిదికి ఆశీస్సులు.

మొదటి ఉత్తరంలో ఆ పెద్దాయన "పనిచేస్తున్నాడు". ఈ ఉత్తరంలో "అన్నారు". ఆరు రోజుల్లో "డు" పోయి "రు" వచ్చింది. మీ అన్నయ్యకి నువ్వు "రు" పెట్టడానికి మూడేళ్లు పట్టింది, ఆయనకి ఇంకా గుర్తుంది.

మూడున్నర గంటలు నిచ్చెన మోశారు, దేన్నీ తాకలేదు, ఎదురైనవాళ్లంతా గోడకి అతుక్కుపోయారు. ఇది కూలిపని అని నన్ను నమ్మమంటావు. పక్కింటి టీచరమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "మోయడమే గాని ఎక్కడం లేదు" అంది. అందరం దాని అర్థం వెతుకుతూ కూర్చున్నాం. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

"కింద పెట్టామనుకో, అడుగుతారు" అన్నదాన్ని మీ అన్నయ్య కాగితం మీద రాసి అద్దానికి అంటించారు. నిన్న కూరల సంచీ కింద పెట్టకుండా సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగారు. నేను ఏ పనీ చెప్పలేకపోయాను.

లారీకి తొందర లేదన్నావు. దాన్ని హెచ్చవేస్తే ఏమొస్తుందని మేమిద్దరం గంటసేపు వాదించుకున్నాం. "అసలొద్దని" అన్నారు ఆయన. "కాదు, తొందరగా రమ్మని చెప్పలేక అలా రాశాడు" అన్నాన్నేను. నేనే గెలిచాను. లారీని ఇరవై అయిదో రోజుకి మాట్లాడేశాం. మీ మేస్త్రీ చెప్పింది కూడా అదే రోజు కదా.

ఒక్క మాట. ఆ పెద్దాయన ఇల్లు రాసిమ్మని అడిగితే ఇవ్వకు. అడక్కపోతే ఇంకా జాగ్రత్తగా ఉండు. అడగనివాళ్లే అసలైనవాళ్లు.

నీ వదిన

తా.క. ఆదివారం టీచరమ్మ, ఆవిడ అత్తగారు, కుట్టుమిషనాయన నీ తరవాతి ఉత్తరం వినడానికి వస్తామన్నారు. కుర్చీలు అడిగి పెట్టాను. కాస్త పొడుగ్గా రాయి, పరువు పోతుంది.

* * *

ఇరవై నాలుగో రోజు

వదినగారికి నమస్కారాలు.

ఫోనులో చెప్పినట్టే లారీని రేపు పంపకండి. పని అయిపోదు. నిన్నటికి నలభై ఒక్క తలుపులు. పన్నెండు రోజుల్లో నేను ఏడే గీకాను. నాకు చేతనైనంత తక్కువ అదే. పెద్దాయన దీన్ని ఇంకా తొందరపాటే అంటున్నారు.

ఆదివారం ఎవరినీ పిలవకండి. ఆయన సిద్ధపురుషుడు కారు. పని ఎగ్గొట్టే మనిషి. అయితే పని ఎగ్గొట్టడం ఇలా ఉంటుందని నాకు తెలియదు.

రోజూ పది గంటలకు ఒక తలుపు ముందు నిలబడతారు. తల పక్కకు వంచుతారు. బొటనవేలు ద్వారబంధానికి ఆనిస్తారు. ఏమీ అనరు. సోమవారం మేస్త్రీ వచ్చి, "ఏంటి సంగతి?" అన్నాడు. ఆయన పలకలేదు. మేస్త్రీ కూడా తల వంచి చూశాడు. పది నిమిషాలు ఇద్దరూ చూశారు. చివరికి మేస్త్రీ, "నాకూ అదే అనిపించింది" అని వెళ్లిపోయాడు. ఏమనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

రంగు ఆరిందా లేదా అని చిటికెనవేలి వెనక వైపుతో తాకి చూస్తారు. "ఇంకా" అంటారు. ఒక్క మాట. దాంతో నలుగురికీ ముప్పావు గంట.

మంగళవారం నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడి, కుంచె పైకెత్తి, నిద్రపోయారు. పదకొండూ పది నుంచి పదకొండూ యాభై అయిదు. ఎత్తిన చెయ్యి దిగలేదు. రంగులక్క అంతకుముందే ఆయన కుంచె ముంచి ఇచ్చింది. చివర వేలాడిన రంగుబొట్టు రాలకుండా అక్కడే ఆరిపోయింది. నేను కొలిచే పరికరాల మధ్య బతికినవాణ్ణి. అంత కదలనిది మా కార్యాలయంలో ఒక్కటీ లేదు. లేచాక, "పడిపోరా?" అని అడిగాను.

"పనిచేస్తే పడతారు సారూ" అన్నారు.

నాకు మాత్రం రావడం లేదు. బకెట్టు బోర్లించి కూర్చోమన్నారు. కూర్చున్నాను. కాసేపటికి చూసుకుంటే బకెట్టు పిడి గీకుతున్నాను. గరుకుకాగితం లాక్కున్నారు. మధ్యాహ్నానికి నా అన్నం డబ్బా మూత మీద రంగు లేదు. గోళ్లతో గీకాను. ఈలాయన "ఈయన్ని బాగుచేయడం మనవల్ల కాదు" అన్నాడు.

"కూర్చుంటే ఏమవుతుంది నీకు?" అని అడిగారు పెద్దాయన.

"ఏవో గుర్తుకొస్తాయి."

"రానీ. అవి మాత్రం ఎక్కడికి పోతాయి? లే, నిచ్చెన పట్టు."

ముందు కొస ఆయనది, వెనక కొస నాది. ముందు మోసేవాడు వెనక్కి తిరిగి చూడలేడు. నాకు ఆయన వీపు, మెడ మీద పసుపురంగు మరక కనిపిస్తాయి, అంతే. మూడో అంతస్తులో ఉండగా మీ చెల్లెలి సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. నేను వాన రాదన్న రోజు ఆవిడ గొడుగు తీసుకెళ్లేది. వస్తుందన్న రోజు బట్టలు ఆరేసేది. ఉపగ్రహాల బొమ్మలు నా దగ్గర ఉండేవి. పెరట్లో నిలబడి గాలి పీల్చడం ఆవిడ దగ్గర ఉండేది. ముప్ఫై ఏళ్లలో ఎక్కువసార్లు ఆవిడే గెలిచింది. దీన్ని నేను కార్యాలయంలో ఎవరికీ చెప్పలేదు.

"గొడుగేదీ?" అన్నారు పెద్దాయన, ముందుకు చూస్తూనే.

"పెరటి తలుపు వెనక ఉంది."

"ఉండనీ."

నాలుగో అంతస్తు దాకా వెళ్లి వచ్చాం. తలుపులేవీ తాకలేదు.

మీ మరిది

తా.క. దీన్ని ఆదివారం చదవకండి. చదివితే గొడుగు సంగతి వదిలేయండి.

* * *

నలభై నాలుగో రోజు

చిరంజీవి మరిదికి ఆశీస్సులు.

ఉత్తరం ఆలస్యమైంది. నాలుగుసార్లు కూర్చున్నాను. కలం సిరా కలుపుతూ ఉండిపోయాను.

గొడుగు సంగతి ఎవరికీ చదవలేదు. నేనొక్కదాన్నే చదువుకున్నాను. రెండుసార్లు. మిగతాది మాత్రం మూడు ఆదివారాలుగా నడుస్తోంది. కుర్చీలు చాలడం లేదు. కుట్టుమిషనాయన ఎవరి రవికె అడిగినా చిటికెనవేలితో తాకి "ఇంకా" అంటున్నాడు. వీధిలో ఆడవాళ్లంతా నన్ను తిడుతున్నారు.

లారీ విషయం. ఇరవై అయిదో రోజున వద్దన్నావని అరవై ఒకటికి మార్చాం కదా. ఇప్పుడు దాని వెనక చక్రం బాగోలేదట. బాగుచేసేవాడు దొరికితే డ్రైవరు దొరకడం లేదు. ఇద్దరూ దొరికితే సామాను కట్టే తాడు దొరకడం లేదు. మీ అన్నయ్య నిన్న వెళ్లి లారీ చుట్టూ తిరిగి, తల పక్కకి వంచి చూసి, "ఇంకా" అని వచ్చేశారు. కనక అరవై ఒకటో రోజు అని గట్టిగా అనుకోకు. డెబ్భై కావచ్చు. తొంభై కావచ్చు. లారీల సంగతి మనకేం తెలుస్తుంది.

నువ్వు మాత్రం ఆ పెద్దాయన్ని వదలకు. ఆయన "పట్టు" అన్నప్పుడల్లా ఆ ఆకుపచ్చ నిచ్చెన వెనక కొస పట్టు. ఎటు తీసుకెళితే అటు వెళ్లు. ఉత్తరాలు మూడు పేజీలకి తగ్గకూడదు. నువ్వు మూడు పేజీలు రాస్తావని మా చెల్లెలికి చెబితే నమ్మేది కాదు.

నీ వదిన

తా.క. మా ఇంటి కొళాయి కారుతోంది. మీ అన్నయ్య దాని ముందు నిలబడి తల వంచి, బొటనవేలు గోడకి ఆనించారు. ఎదురింటాయన వచ్చి ఆయనా వంచాడు. నేను ఈ ముక్క రాసే వేళకి అయిదుగురయ్యారు. కొళాయి కారుతూనే ఉంది గాని, వీధిలో అంత ప్రశాంతత ఎప్పుడూ చూడలేదు.

* * *

యాభై ఏడో రోజు

వదినగారికి నమస్కారాలు.

పని అయిపోయింది. రెండు రోజులైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

యాభై ఒకటో రోజు పొద్దున కాంట్రాక్టరు వచ్చాడు. అద్దెవాళ్లు ముందే దిగుతున్నారట. "నాలుగు రోజుల్లో పూర్తికావాలి. కాకపోతే మీరు నలుగురూ వెళ్లండి, వేరేవాళ్లు ఉన్నారు. ఈ నెల కూలి వాళ్లకే" అన్నాడు. అప్పటికి అరవై రెండు తలుపులు అయ్యాయి. యాభై ఎనిమిది మిగిలాయి. రంగులక్క కింద కూర్చుండిపోయింది. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే. నేను గరుకుకాగితం తీశాను. నా ఒక్కడి వేగంతో లెక్కవేశాను. చాలదు.

పెద్దాయన నిచ్చెన గోడకు ఆనించారు. పని చేయడానికి దాన్ని కింద పెట్టడం నేను చూడడం అదే మొదటిసారి. చొక్కా చేతులు మడిచారు. "అక్కా, కుంచె" అన్నారు.

వదినా, నేను వాయుగుండాలు చూశాను. ఒక్క రాత్రిలో నలభై సెంటీమీటర్ల వాన కొలిచాను. అవి ఎందుకు వస్తాయో నాకు తెలుసు. ఆయన కుంచె ఎలా కదిలిందో తెలియదు. గీకడం, పగుళ్లకు లప్పం పెట్టడం, రంగు వేయడం, మూడూ ఒకే కదలికలా ఉన్నాయి. ఒక తలుపు ముందు నుంచి ఇంకో తలుపు ముందుకు వెళ్లినట్టు కనిపించలేదు. వెనక చూస్తే తలుపులు అయిపోయి ఉన్నాయి. అంచుల్లో ఒక్క చుక్క జారలేదు. నేల మీద ఒక్క మరక లేదు. ఈలాయన ఈల మరిచిపోయి నోరు తెరిచి నిలబడ్డాడు. మేస్త్రీ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలియదు. మేం ముగ్గురం కలిసి ఇరవై ఏడు చేశాం. ఆయన ఒక్కరూ ముప్ఫై ఒకటి.

యాభై అయిదో రోజు మధ్యాహ్నం కుంచె కడిగి, నిచ్చెన భుజాన వేసుకున్నారు. ఒక్క చేత్తో. రెండో చేతిలో రెండు రంగుడబ్బాలు. ఈల వేసుకుంటూ మెట్లు దిగి వెళ్లారు.

రంగులక్క నా మొహం చూసి నవ్వింది. "అది ఒక్కరు మోసేదే సారూ. ఇరవై ఏళ్లుగా ఆయనొక్కడే మోస్తాడు. ఇంకోరికి కొస ఇవ్వడం మేమెన్నడూ చూళ్లేదు" అంది.

నేను కిందికి వెళ్లాను. ఆయన సామాను గది గడప మీద కూర్చుని ఉన్నారు. అడిగాను.

"నువ్వొచ్చిన రోజు నీ తలుపు చూశాను. మూడు రంగులూ పోయాయి. చెక్క తెల్లగా వచ్చింది. నువ్వు ఆగలేదు. చెక్క కూడా గీకుతున్నావు. ఇట్లాంటివాణ్ణి ఇరవై అయిదో రోజు ఇంటికి పంపితే ఇంట్లో ఏం మిగులుతుంది?" అన్నారు.

ఆయన ఇంకొకటి చెప్పారు.

"మీ వదినంట, నలభై ఒకటో రోజు వచ్చింది. నువ్వు నీళ్లకి పోయావు. 'ఆ పెద్దాయన మీరేనా?' అంది. 'నిచ్చెన మోసేవాణ్ణమ్మా' అన్నాను. మోకాలి కోసం వచ్చాడంట, మీ అన్నయ్య బయట రిక్షాలో కూర్చున్నాడు. నువ్వు రావడం చూసి ఆవిడ మెట్ల కింద దాక్కుంది. మనం రెండుసార్లు ముందు నుంచి పోయాం. నువ్వు గొడుగు కథ మళ్లీ చెబుతున్నావు, చెప్పి నవ్వుతున్నావు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. పోయేటప్పుడు 'ఇట్లా ఎన్నాళ్లు మోస్తారు?' అంది. 'మీ లారీ ఎన్నాళ్లు ఆగుతుందమ్మా?' అన్నాను. 'అది ఇవాళే చెడిపోయింది' అంది."

నిచ్చెన ఆకుపచ్చదని నేను ఏ ఉత్తరంలోనూ రాయలేదు. అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు.

కనక వదినా, లారీ చక్రానికి ఏమీ కాలేదు. తాడు మీ అటక మీదే ఉంది. ఆ రోజు మెట్ల కింద నుంచి మీరు బయటికి వస్తే నేను నిచ్చెన కింద పెట్టేవాణ్ణి. మీరు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా మిమ్మల్ని ఎరుగుదును. మీరు ఏ విషయంలోనైనా ఊరుకున్నది నేను చూడడం ఇదే మొదలు. పెద్దాయన నిద్ర తరవాత నన్ను అంత ఆశ్చర్యపరిచింది అదే.

వచ్చేస్తుంటే పెద్దాయన సగం డబ్బా రంగు ఇచ్చారు. "ఇంట్లో తలుపుందా?" అన్నారు. పెరటి తలుపు ఉందన్నాను. నిన్న గొడుగు తీసి పక్కన పెట్టి తలుపు గీకడం మొదలుపెట్టాను. పగలంతా ఇంట్లోనే ఉన్నాను. జానెడు గీకాను. తరవాత బకెట్టు బోర్లించి కూర్చున్నాను. పిడి ముట్టుకోలేదు. పదకొండూ పది నుంచి పదకొండూ నలభై వరకు. గుర్తుకొచ్చినవన్నీ రానిచ్చాను.

పెద్దాయన సాయంత్రం వచ్చి చూశారు. తల వంచి, బొటనవేలు ద్వారబంధానికి ఆనించి, చాలాసేపు నిలబడ్డారు. నేనూ వంచి చూశాను. ఇది చాలా కష్టమైన తలుపు అని ఆయన అభిప్రాయం. నాకూ అదే అనిపించింది. ఏడాది పట్టవచ్చు. లారీని అంతవరకూ బాగుచేయించకండి.

మీరిద్దరూ రండి. రిక్షాలో కూర్చోవద్దు. అన్నయ్యగారికి నిచ్చెన కొస ఒకటి ఖాళీగా ఉంది. నడిస్తే మోకాలికి మంచిదని పెద్దాయన అన్నారు.

మీ మరిది

తా.క. ఇవాళ పొద్దున వాన రాదనుకున్నాను. గొడుగు తీసుకుని వెళ్లాను. వచ్చింది.

మీ చెల్లెలు లేకపోవడం కొంచెం తెలుస్తోంది. ఈ వాక్యాన్ని మీ లెక్కనే చదువుకోండి.